మూసిన గుప్పిటకు మేం రాసిన నియమం

మా అన్నయ్య పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర మా బంధువొకాయన పెరుగు కలుపుకుంటూ, "బెదిరించేవాడే గానీ ఒక్కనాడూ చేసింది లేదండీ. వెన్నలాంటి మనసు," అన్నాడు. బంతిలో ఉన్నవాళ్ళందరూ తలలూపారు. నేను సగం భోజనంలో లేచి చెయ్యి కడుక్కున్నాను.

చెయ్యలేదట. పీక మీద కత్తి పెట్టాడు గానీ కొయ్యలేదు కాబట్టి దేవుడట. కత్తి పెట్టేది కొయ్యడానికి కాదు, కోస్తాడేమోనని ఎదుటివాళ్ళు వణకడానికి. కొయ్యకుండానే పని జరిగిపోతుంటే ఎవడు మాత్రం కోస్తాడు? ఈ సంగతి నాకు పుట్టుకతో తెలిసింది కాదు. 1987 వేసవిలో, మామిడితోట పాకలో, ఒక ఆటకు నియమాలు రాస్తూ తెలుసుకున్నాను. ఆ నియమాలేమిటో, వాటికోసం ఎంత పోట్లాడుకున్నామో, అవి ఒక ఆడపిల్ల పరీక్షకు ఎలా అక్కరకొచ్చాయో రాస్తాను. నాకు తేదీలూ లెక్కలూ తప్పవు. కోపమూ అంతే, తారీఖుతో సహా గుర్తుంటుంది.

అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఏలూరులో లెక్కల టీచరుని. వేసవి సెలవులివ్వగానే అన్నయ్య ఇంటికి వెళ్ళేదాన్ని. ఆగిరిపల్లి దగ్గర ఆయనకు తొమ్మిదెకరాల తోట. ఎక్కువ బంగినపల్లి, గట్టు పొడుగునా చిన్న రసాలు. ఏటా పూత మీదే కాపును గుత్తకిచ్చేసేవాడు. ఆ ఏడు గుత్తేదారుతో మాట తేడా వచ్చి, కాపు మేమే కాసుకోవలసి వచ్చింది. అందుకని ఏప్రిల్ మూడోవారం నుంచి ఇంటిల్లిపాదికీ పగలంతా తోట పాకలోనే కాపురం.

అన్నయ్యకు ఇద్దరు పిల్లలు. కొడుకు మద్రాసు హాస్టల్లో ఉండి ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. కూతురు ఇంటర్ పరీక్షలు రాసి కూర్చుంది. ఆ పిల్ల కోరిక ఒక్కటే, బాపట్ల వెళ్ళి వ్యవసాయం చదవాలని. దానికి ఎంట్రన్సు రాయాలి. అది మే నెల మూడో ఆదివారం, విజయవాడలో. హాల్ టికెట్టు కూడా వచ్చింది. వాళ్ళ నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "చూద్దాం," అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు.

అన్నయ్య దగ్గర ఒక ఆయుధం ఉండేది. తనకు గిట్టని పని ఎవరైనా తలపెడితే వాళ్ళను పల్లెత్తు మాట అనడు. "అలాగే కానివ్వండి. మీ అమ్మని మైలవరం పంపేస్తాను," అంటాడు. మైలవరం మా వదిన పుట్టిల్లు. పంపేయడమంటే పండక్కి పంపడం కాదు, మళ్ళీ తీసుకురాకపోవడం. పిల్ల సైకిలు నేర్చుకుంటానన్నప్పుడు అదే మాట. ఇంటర్ విజయవాడలో చేరతానన్నప్పుడు అదే మాట. కోరిక పిల్లది, శిక్ష తల్లిది. పిల్ల వాళ్ళమ్మ మొహం చూసి రెండుసార్లూ నోరు మూసుకుంది. వదిన అక్కడే పొయ్యి దగ్గర, తన సంగతే మాట్లాడుకుంటున్నారని తెలిసీ, కూర కలుపుతూ ఉండేది. ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు.

ఇక ఆట సంగతి. మేనల్లుడు ఆ సెలవులకు వస్తూ జిరాక్సు కాగితాల కట్ట ఒకటి తెచ్చాడు. హాస్టల్లో కుర్రాళ్ళు రాత్రింబవళ్ళు ఆడుతున్న ఆటట. దానికి బోర్డుండదు, పావులుండవు. ఒకడు కథ చెబుతాడు. వాణ్ణి మావాడు ఇంగ్లీషులో ఏదో అన్నాడు గానీ మేం అంపైరన్నాం. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి. "కోట తలుపు దగ్గరున్నారు. ఏం చేస్తారు?" అని అంపైరడుగుతాడు. ఏం చేస్తామో చెప్పాలి. అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి చూడాలి. యుద్ధాలుంటాయి, దెబ్బలకు లెక్కలుంటాయి. ఒక్కొక్కరికి ఇన్ని ప్రాణాలని ఉంటాయి, దెబ్బ తగిలినప్పుడల్లా అవి తరుగుతాయి.

ఇరవై ముఖాల పాచిక మావాడి దగ్గర లేదు. హాస్టలంతటికీ ఒకటే ఉందట, అది ఇంకెవడో పట్టుకుపోయాడట. "ఇరవై అంకెలేగా కావాల్సింది," అని వదిన దోసెడు చింతపిక్కలు తెచ్చి చాప మీద పోసింది. మామిడి బుట్టల మీద గుర్తులేసే తెల్లరంగుతో ఒకటి నుంచి ఇరవై దాకా నేనే రాశాను. వాటిని చెంబులో వేసి కలిపి, చూడకుండా ఒకటి తియ్యాలి. పదకొండు గానీ అంతకు పైన గానీ వస్తే పని అయినట్టు. తీసిన పిక్క మళ్ళీ చెంబులో వెయ్యాలి, లేకపోతే తర్వాతివాళ్ళ లెక్క మారిపోతుంది. ఈ ఒక్క ముక్క అందరికీ చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

ఆడేవాళ్ళం ముగ్గురం. నేనూ, మేనకోడలూ, మా చిన్నాన్న కొడుకూ. నాకు తమ్ముడి వరస. అతనిది ఉంగుటూరు, రైసుమిల్లులో గుమాస్తా. ఆదివారాలూ, ఖాళీ దొరికిన ఇంకో పూటా లూనా వేసుకుని వచ్చేవాడు. కథలో అతను మల్లుడు, ముప్పై ఒక్క ప్రాణాలు. నేను వైద్యురాలిని. మేనకోడలు అందరికంటే ముందు వెళ్ళి దారి చూసే వేగు. కాగితాల్లో ఉన్న రాక్షసులూ మంచు కొండలూ మాకు ఎక్కలేదు. కొండదొంగలూ, ఏరూ, పడవా పెట్టమన్నాం. పెట్టాడు.

ఏప్రిల్ 26, ఆదివారం మధ్యాహ్నం మొదటి గొడవ వచ్చింది. దొంగ వెనకనుంచి వచ్చి మల్లుడి పీక మీద కత్తి పెట్టాడు.

"కదిలావో చస్తావు అంటున్నాడు బాబాయ్," అన్నాడు మేనల్లుడు గొంతు మార్చి.

"కత్తి దెబ్బ ఎంత?"

"అంటే?"

"పుస్తకంలో ఎంతని ఉందిరా?"

మావాడు కాగితం తిప్పాడు. "ఒకటి నుంచి నాలుగు."

"నాకున్నవి ముప్పై ఒకటి. పొడుచుకోమను. వాడు ఎనిమిది పోట్లు పొడిచేలోగా నేనో రసం జుర్రుకుంటా." అన్నట్టుగానే బుట్టలోంచి పండు తీసి పిసకడం మొదలుపెట్టాడు.

"భయపడాలి బాబాయ్!"

"ఎందుకు? భయపడమని రాసుందా?"

లెక్క అతనిదే సరి. ఏడు పోట్లకు మహా అయితే ఇరవై ఎనిమిది. ఎనిమిదోది పడితే గానీ మనిషి పోడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. నూటికి పైగా పేజీల్లో గుర్రం ఎంత తింటుందో, తాడు ఎంత బరువు మోస్తుందో రాసిన మహానుభావులు, పీక మీద కత్తి పెడితే మనిషికి ఏమవుతుందో రాయలేదు. ఆ కత్తి పక్కటెముకకు తగిలినా పీకకు తగిలినా వాళ్ళ లెక్కలో ఒకటే.

మేనల్లుడు ఉక్రోషం కొద్దీ మర్నాడు తనే నియమం మార్చేశాడు. పీక మీద కత్తి పెడితే ప్రాణాలెన్నున్నా సరే, చావే. అంతే, ఆ వారమంతా పీకలే! దొంగ కనపడితే పీక, కాపలావాడు కనపడితే పీక. మా మల్లుడు కూడా బాణం, కర్ర అన్నీ పారేసి ఎవడి పీక దొరుకుతుందా అని తిరగసాగాడు. ఎవడు ముందు పట్టుకుంటే వాడిదే గెలుపు. యుద్ధమన్నది లేదు, అంతా బేరమే.

ఆ బేరాల్లో నలిగింది మేనకోడలు. వేగు గదా, ముందు వెళ్ళేది తనే, దొరికేదీ తనే. మూడోసారి దొరికినప్పుడు మేనల్లుడూ మా తమ్ముడూ బేరం మొదలుపెట్టారు. దారి వదిలితే పిల్లను వదులుతామని ఒకడు, ముందు పిల్లను వదలమని ఒకడు. పావుగంటయింది.

"నేనేం చెయ్యాలి?" అంది పిల్ల.

"నువ్వు కదలకూడదు," అన్నాడు వాళ్ళన్న.

"ఎంతసేపు?"

"మేం తేల్చేదాకా."

"పీక నాది, బేరం మీదా?"

"నిన్ను కాపాడటానికేగా అమ్మా," అన్నాడు మా తమ్ముడు బుజ్జగిస్తూ.

పిల్ల లేచిపోయింది. వాళ్ళమ్మ పక్కన కూర్చుని మాగాయకు కాయ చెక్కడం మొదలుపెట్టి, తలెత్తకుండా అంది, "ఇంట్లో ఆడేది ఇదే ఆటగా. ఇక్కడ కూడా ఎందుకు?"

వదిన చేతిలోని కాయ కత్తిపీట మీద ఆగి, మళ్ళీ కదిలింది. నేను జిరాక్సు కాగితం ఒకటి తిప్పి, వెనక ఖాళీగా ఉన్న వైపు రాయడం మొదలుపెట్టాను. అంత కోపంగా నేను ఏ పరీక్షాపత్రమూ దిద్దలేదు.

మొదట రాసింది కత్తి విలువ. అది నాలుగూ కాదు, చావూ కాదు. బెదిరించేవాడు చెంబులోంచి పిక్క తీసి, చూడకుండా గుప్పిట మూసుకోవాలి. ఆ మూసిన గుప్పిటే బెదిరింపు. తెరిచినప్పుడు పదకొండో ఆ పైనో ఉంటే బందీ పోయినట్టు. పది గానీ ఆ లోపు గానీ ఉంటే చెయ్యి వణికి కత్తి జారినట్టు, బందీ బయటపడినట్టు.

"వాడైనా చూసుకోవద్దా అత్తా? వాడికి తెలియకపోతే ఎలా?" అన్నాడు మేనల్లుడు.

"బెదిరించేవాడికి తను నిజంగా చేస్తాడో లేదో ముందే తెలుసని నీకెవరు చెప్పార్రా?"

తర్వాత, గుప్పిట మూసినంతసేపూ ఆ చెయ్యి ఇంకే పనికీ రాదని రాశాను. కర్ర పట్టుకోకూడదు, తలుపు తియ్యకూడదు, అన్నం కూడా తినకూడదు.

"తిట్టొచ్చా?" అన్నాడు తమ్ముడు.

"నోరుందిగా, తిట్టుకో."

ఒకసారి తెరిచాక ఏ అంకె వచ్చినా సరే, ఆ మనిషి మీద ఆ బెదిరింపు అయిపోయినట్టే. మళ్ళీ లెక్కలోకి రాదు. దీనికి ఇద్దరూ ఒప్పుకున్నారు. అసలు పోట్లాటంతా చివరిదాని దగ్గర. గుప్పిట మూసిన వెంటనే మొదటి వంతు బందీది. తెరవమనే హక్కు కూడా బందీదే. పక్కవాళ్ళు ఆ మనిషిని అడక్కుండా తెరవమనకూడదు, అడక్కుండా లొంగిపోనూకూడదు.

మేనల్లుడు గయ్యిమన్నాడు. "బందీ అంటేనే కదల్లేనిది కదా! దానికి వంతేంటి? పుస్తకంలో ఎక్కడా లేదు."

"లేదని నాకూ తెలుసు. ఆ పుస్తకం రాసినవాళ్ళు కత్తి పిడి వైపు కూర్చుని రాశారు."

"అత్తా, లొంగిపోవడం మంచికే కదా. ప్రాణం కాపాడటానికే కదా."

"ఎవరి ప్రాణం? అడిగావా?"

రెండు రోజులు ఇదే రగడ. నేను ఒక్క అక్షరం మార్చలేదు. మార్చకపోతే ఆడనన్నాడు. ఆడకు, చెంబు నాది, పిక్కలమీద రాత నాది అన్నాను. చివరికి వాడు ఒక మెలిక పెట్టాడు. కథలో దారినపోయేవాళ్ళు కూడా బందీలవుతారు గదా, వాళ్ళ వంతు ఎవరాడతారని. అన్నీ అంపైరే ఆడితే వాడి కత్తికి వాడే భయపడినట్టుంటుంది.

"నన్ను పెట్టుకోండి," అంది వదిన, టెంక తీసి అవతల పడేస్తూ. "బందీయేగా. కూర్చోవడం తప్ప పనేముంటుంది? ముక్కలు కోసుకుంటూ కూర్చుంటాను."

అలా మా వదిన ఆటలోకి వచ్చింది. మొదటి పాత్ర ఏరు దాటించే అవ్వ. దొంగ పడవలోకి దూకి అవ్వ పీక మీద కత్తి పెట్టాడు. మేనల్లుడు పిక్క తీసి గుప్పిట మూశాడు.

"అమ్మా, నీ వంతు."

వదిన ముక్కల మీద ఉప్పు చల్లుతూ అంది, "ఏం నాయనా, అన్నం తిన్నావా?"

మా తమ్ముడు పడీ పడీ నవ్వాడు.

"అమ్మా! ఆట ఆడు."

"ఆడుతున్నాగా. ఎంతసేపు పట్టుకుంటావురా కత్తి, చెయ్యి లాగట్లా? దుంగ మీద నిలబడ్డట్టు నిలబడ్డావు, పడవ ఊగితే ఇద్దరం పోతాం."

"అవ్వ ఏం చేస్తుంది? అది చెప్పు."

వదిన చేతులు కడుక్కుని వాడి వైపు తిరిగింది. "తెరువు," అంది.

వాడు తెరిచాడు. పధ్నాలుగు.

"అవ్వ చచ్చిపోయిందమ్మా," అన్నాడు వాడు, పాపం కాస్త బాధగానే.

"పోతే పోయింది. ఇప్పుడు వాణ్ణి ఏరు ఎవరు దాటిస్తారు?"

దొంగ నడి ఏట్లో ఉన్నాడు. తెడ్డు వెయ్యడం రాదు. మేమెవరమూ చెయ్యి చేసుకోకుండానే వాడు ప్రవాహంలో కొట్టుకుపోయాడు. వదిన పిక్క తీసుకుని, "నా చావు నా దగ్గరే ఉండనీ," అని కొంగున ముడేసుకుంది. నేను ఊరుకుంటానా? "వదినా, చెంబులో వెయ్యి. పంతొమ్మిదితో ఆడితే లెక్క ఎలా నిలుస్తుంది?" అన్నాను. గొణుక్కుంటూ వేసింది.

ఆ తర్వాత పది పన్నెండు రోజులు వదిన రకరకాల మనుషులుగా పట్టుబడింది. కొన్నిసార్లు చచ్చింది, కొన్నిసార్లు బయటపడింది. చాలాసార్లు తెరవమనను కూడా అనేది కాదు. ఊరికే కూర్చుని, మూసిన గుప్పిటతో ఏ పనీ చెయ్యలేక అవస్థపడే కొడుకును చూసి నవ్వేది. దోమ కుట్టినా గోక్కోవడానికి లేదు వాడికి.

ఎంట్రన్సుకు మూడు రోజుల ముందు, గురువారం. మాగాయ ముక్కలు ఊటలోంచి తీసి పాక ముందు తాటాకు చాపల మీద ఆరబోసి ఉన్నాయి. వదిన వంగి వాటిని తిరగేస్తోంది. మా తమ్ముడు మిల్లుకు సెలవు పెట్టి మరీ ఆటకొచ్చాడు. పిల్ల చెంబులో చెయ్యి పెట్టింది. అప్పుడు వచ్చాడు అన్నయ్య, చెప్పులు బయట విడిచి.

"ఆదివారం విజయవాడ ప్రయాణమట?"

"అవును నాన్నా. అత్త తీసుకెళ్తానంది."

"వెళ్ళమ్మా. నేనెందుకు ఆపుతాను?" నులకమంచం మీద కూర్చున్నాడు. గొంతు పెంచడు, అదీ ఆయన పద్ధతి. "నువ్వు ఆ బస్సెక్కిన రోజే మీ అమ్మ మైలవరం బస్సెక్కుతుంది. తర్వాత ఆవిడ సంగతి మీ మామయ్యలు చూసుకుంటారు."

పిల్ల చేతిలోంచి పిక్క చెంబులోకి జారిన చప్పుడు నాకు వినపడింది.

మద్రాసులో చదువుతున్న కొడుకు, ప్రతి నియమమూ పేజీ నంబరుతో సహా ఒప్పజెప్పేవాడు, కాగితాల్లోకి మొహం పెట్టుకున్నాడు. తన చదువుకు అమ్మను ఎవరూ ఎక్కడికీ పంపలేదని వాడికి గుర్తులేదు కాబోలు. మా తమ్ముడు లూనా అద్దం తుడవడానికి లేచాడు. ఆ ఇద్దరినీ చూస్తుంటే అన్నయ్య మీదకంటే వాళ్ళమీదే ఎక్కువ మండింది నాకు. కత్తి పట్టినవాడు ఒక్కడే ఉంటాడు. వాడి చేతికి బలం ఇచ్చేది చుట్టూ కూర్చుని నేల చూసేవాళ్ళు.

"సరే నాన్నా, నేను వెళ్..." అని మొదలుపెట్టింది పిల్ల.

నేను నోరు తెరిచాను. అంతలో వదిన నడుం నిటారు చేసింది.

"ఉండవే. సరేనడానికి పీక నీది కాదు." నా వైపు తిరిగి, "నువ్వూ ఉండమ్మాయ్. ఇది నా వంతు," అంది.

"వంతేంటి?" అన్నాడు అన్నయ్య. ఆయనకు మా ఆట తెలియదు. ఎవరూ చెప్పలేదు.

"ఏవండీ, ఆదివారం దాకా ఎందుకు? మూడింటికి బస్సుంది. ఇవాళే పంపించండి."

"ఎవర్ని?"

"నన్నేనండీ. ఇరవై రెండేళ్ళ నుంచి పంపుతానంటున్నారుగా. పంపించండి."

"ఏంటి, పొగరెక్కిందా?"

"పొగరు కాదండీ. తెరవమంటున్నాను."

ఆయనకు అర్థం కాలేదు. మాకు అయింది. పిల్ల నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

వదిన పాకలోకి వెళ్ళి చేసంచీ తీసుకుంది. అందులో ఓ చీర, దువ్వెన తప్ప ఇంకేం పట్టలేదు. బయటికి వచ్చి ఆకాశం చూసింది. "ముక్కలు ఇంకో ఎండ ఎండాలి. సాయంత్రానికి మబ్బు పట్టేట్టుంది. మీరు ఎత్తి లోపల పెట్టండి. ఉప్పు ఊట జాడీలో ఉంది, అది కదపకండి."

"నీకేమన్నా పిచ్చా? రోడ్డు మీద జనం చూస్తారు."

వదిన గట్టు దాకా వెళ్ళి ఆగింది. "పంపుతున్నారా, పంపట్లేదా? రెండిట్లో ఒకటి చెప్పండి. పంపకపోతే పిల్ల ఆదివారం పరీక్షకెళ్తుంది. పంపినా వెళ్తుంది."

అన్నయ్య నిలబడ్డాడు. అంత గట్టి మనిషి దగ్గర ఇంకో మాట లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఒక్క మాట పట్టుకుని తిరిగాడు, పక్కన ఇంకోటి నేర్చుకోలేదు. వెళ్ళమనలేదు, వద్దనలేదు. వదిన మరో నిమిషం చూసి, రసాల చెట్ల పక్కగా రోడ్డెక్కింది. మూడింటి బస్సు ఆవిడ కోసం ఆగడం పాకలోంచి అందరం చూశాం.

నాలుగున్నరకు గాలి లేచింది. ఆ గాలికి గట్టు మీది రసాలు గంపలకొద్దీ రాలాయి. తర్వాత వాన. మాగాయ ముక్కలు ఆరుబయటే ఉన్నాయి. అన్నయ్య మంచం మీదనుంచి నా వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. పిల్ల లేవబోతే నేను భుజం పట్టి కూర్చోబెట్టాను. వదిన ఎత్తమన్నది మమ్మల్ని కాదు. ఆయన లేవలేదు. ఒక మగవాడు వంగి మాగాయ ముక్కలు ఎత్తితే ఏమవుతుందో ఆయనకే తెలియాలి. ముక్కలన్నీ తడిసి, మూడో రోజుకు బూజు పట్టాయి. ఆ ఏడాది ఆ ఇంట్లో మాగాయ లేదు. ఏడాది పొడుగునా అన్నంలోకి మాగాయ ఏదని ఆయన అడగనూ లేదు. అడిగే మొహం ఏదీ?

చెంబు ఎత్తిపెడుతూ పిక్కలు లెక్కపెట్టాను. పంతొమ్మిది. పధ్నాలుగు లేదు. మళ్ళీ ఎప్పుడు కొంగున కట్టుకుందో నేను చూడలేదు.

ఆదివారం తెల్లవారుతూనే పిల్లా నేనూ విజయవాడ బస్సెక్కాం. అన్నయ్య పడుకునే ఉన్నాడు, కళ్ళు మూసుకుని. పిల్ల దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పరీక్ష ఎలాగూ పోతుంది, అమ్మ ఏడుస్తూ ఉంటుంది అని దాని మొహం మీదే రాసి ఉంది. విజయవాడ బస్టాండులో దిగేసరికి మైలవరం బస్సులు ఆగే చోట వదిన నిలబడి ఉంది, చేతిలో స్టీలు క్యారేజీ.

"ముక్కలు ఎత్తారా?" అంది మొదటి మాటగా.

"లేదమ్మా," అంది పిల్ల.

"అనుకున్నా." క్యారేజీ మూత తీసింది. "పెరుగన్నం. మామిడిపండు కూడా పెట్టింది మా మైలవరం వదిన. తిని వెళ్ళు, ఖాళీ కడుపుతో కలం సాగదు."

పిల్ల బస్టాండు బల్ల మీద కూర్చుని ఏడుస్తూనే మొత్తం తినేసింది. తర్వాత మూడు గంటలు పరీక్ష రాసింది. సీటొచ్చింది. బాపట్లలో చేరింది. ఇప్పుడు రిటైర్మెంటుకు దగ్గర పడింది.

వదిన సోమవారం మధ్యాహ్నం తనంతట తనే తోటకు వచ్చింది. చేసంచీ మేకుకు తగిలించి, చాపలు దులిపి, పొయ్యి రాజేసింది. మైలవరం మాట ఆ తర్వాత ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు. అయితే నెల తిరక్కుండానే ఆయన నలుగురిలో చెప్పడం నేను విన్నాను. "నేనే పంపాను, నాలుగు రోజులు పుట్టింట్లో ఉండి రమ్మని. పాపం, తోటలో చాకిరీతో అలిసిపోయింది." ఆ మాటే చేతులు మారి, పెద్దకర్మ నాటికి వెన్నలాంటి మనసయింది.

ఆ రోజు బంధువులందరూ వెళ్ళాక వదిన పెరట్లో గిన్నెలు బోర్లిస్తోంది. ఎనభై దాటాయి ఆవిడకు, ఇంకా వేరేవాళ్ళు బోర్లిస్తే నచ్చదు. వెళ్ళి నిలబడ్డాను.

"వాళ్ళలా అంటుంటే ఎందుకూరుకున్నావు వదినా? నీకు వినపడలేదా?"

"వినపడింది. అది ఎప్పుడో తెరిచిన గుప్పిటగా అమ్మాయ్. ఒకసారి తెరిస్తే మళ్ళీ లెక్కలోకి రాదని రాసింది నువ్వేగా."

"తెరిచాక రాదని రాశాను. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు మూసి ఉంచాడే! దానికేం రాయలేదు."

వదిన చివరి గిన్నె బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "అయితే కూర్చుని రాయి," అంది.

అప్పట్నుంచీ రాస్తున్నాను. ఆ ఇరవై రెండేళ్ళను ఏ అంకెతో తెరవాలో నాకు ఇంకా తేలలేదు. తేలనంతకాలం, వెన్నలాంటి మనసన్న మాట నా ఎదుట ఎవరూ అనకుండా ఉంటే వాళ్ళకే మంచిది.